రోహిణి నుంచి పుబ్బ దాకా

మా నాన్న బాపట్లలో ఒక హైస్కూల్లో సంస్కృతం చెప్పేవారు. సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వరండాలో పంచాంగం ముందు పెట్టుకుని కూర్చునేవారు. ముహూర్తాలు అడగడానికీ, పిల్లల జాతకాలు కలుస్తాయో లేదో చూపించుకోవడానికీ ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు. శ్రవణం ఎన్నో నక్షత్రమని అడిగితే ఆయన ఠక్కున ఇరవై రెండు అనేవారు కాదు. బొటనవేలిని చిటికెనవేలి అడుగు కణుపు మీద పెట్టి అశ్వని, భరణి, కృత్తిక అంటూ మొదటినుంచీ వచ్చేవారు. పక్కన కూర్చున్న నాకు ఒళ్ళు మండేది.

“నలభై ఏళ్ళనించీ లెక్కపెడుతున్నారు. ఇంకా మొదటినించీ ఎందుకు నాన్నా?” అన్నాను ఒకసారి.

“మధ్యలో మొదలెట్టినవాడు మధ్యలోనే తప్పుతాడమ్మా. నాకేం తొందర?”

నాకు మాత్రం అన్నింటికీ తొందరే. బియస్సీ లెక్కలు పూర్తిచేసి, హైదరాబాదులో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చదివి, తొంభైల మొదట్లో తెనాలిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. స్టేషన్‌కు దగ్గర్లో ఒక మేడ మీద రెండు గదులు. ఒక గదిలో మూడు కంప్యూటర్లు, వాటికి దుమ్ము పడకుండా గుడ్డ ముసుగులు. చెప్పులు బయట విప్పి లోపలికి రావాలి. రెండో గదిలో ఎనిమిది టైపు మిషన్లు. ఆ గది చప్పుడు మా గదిలోకి వినిపిస్తూనే ఉండేది. నాకు ఇరవై రెండేళ్ళు. ఊళ్ళో కంప్యూటర్ తెలిసిన ఆడపిల్లని నేనొక్కదాన్నేనని నా నమ్మకం. పిట్ట కొంచెం కూత ఘనం.

పిల్లలకు పాఠంగా చూపించడానికి ఇరవై ఏడు నక్షత్రాలతో ఒక ప్రోగ్రాం రాశాను. పేర్లన్నీ వరసగా రాసి, ఆ వరసను ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ ఎవరూ మార్చడానికి వీల్లేదని పైన ఒక మాట పెట్టాను. ప్రోగ్రాం రాసిన కంప్యూటర్ భాషలో ఆ సదుపాయం ఉంది. నక్షత్రాల వరసకు అంతకంటే తగిన మాట ఏముంటుంది? ఎవరు చెప్పినా రోహిణి కృత్తిక ముందుకు రాదు కదా. ఇక పేరు ఇస్తే అది ఎన్నో స్థానంలో ఉందో చెప్పాలి. మిషను ఏం చేస్తుందంటే, మొదటి పేరు దగ్గర నిలబడి ఇదేనా అని చూస్తుంది, కాకపోతే రెండోది, అదీ కాకపోతే మూడోది. అంటే మా నాన్న చేసే పనే. అది తెలిసిన రోజు నాకు నవ్వొచ్చింది, కొంచెం సిగ్గు కూడా వేసింది.

తేడా ఒక్కటే. మిషను మొదటిదాన్ని ఒకటి అనదు, సున్నా అంటుంది. అశ్వని సున్నా, భరణి ఒకటి, రేవతి ఇరవై ఆరు. క్లాసులో పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ దీని మీద గొడవ పెట్టేవారు.

“సున్నాతో మొదలెట్టడమేంటి మేడం?”

“అది ఎన్నోదో చెప్పే అంకె కాదు. మొదటినించీ ఎంత దూరం జరగాలో చెప్పే అంకె. మొదట ఉన్నవాడు ఎంత దూరం జరగాలి? జరగక్కర్లేదు. అందుకని సున్నా” అనేదాన్ని. ఈ జవాబు నాకు చాలా ఇష్టం. ఎన్నిసార్లు చెప్పినా విసుగొచ్చేది కాదు.

మా సెంటరు యజమాని ఒకరోజు వెనక నిలబడి ఈ ప్రోగ్రాం చూశాడు. ఆయనకు వెంటనే పెళ్ళిళ్ళు గుర్తొచ్చాయి. “అమ్మాయిదీ అబ్బాయిదీ నక్షత్రం కొడితే కుదురుతుందో లేదో చెప్పేట్టు చెయ్యగలవా అమ్మా?” అన్నాడు. చెయ్యకేం! పెళ్ళి పొంతనల్లో తారాబలం అని ఒకటి ఉంది. అమ్మాయి నక్షత్రం నుంచి అబ్బాయి నక్షత్రం దాకా లెక్కపెట్టి తొమ్మిదితో భాగించాలి. శేషం మూడో, ఐదో, ఏడో వస్తే మంచిది కాదంటారు. మిగతావి ఫర్వాలేదు. చిన్నప్పటినుంచీ వరండాలో వింటున్న సంగతే కాబట్టి నాన్నను అడగాలని కూడా అనిపించలేదు. రెండు పేర్ల స్థానాలూ వెతికించి, ఒకదాన్నుంచి ఒకటి తీసేయించాను. అబ్బాయి నక్షత్రం వెనక ఉంటే ఇరవై ఏడు కలిపించాను. అది నాకే తట్టినందుకు చాలా సంబరపడ్డాను. మా అమ్మానాన్నల నక్షత్రాలు ఇచ్చి చూశాను, మా మేనమామ వాళ్ళవి ఇచ్చి చూశాను. రెండూ బాగున్నాయనే వచ్చింది. అంతకంటే పరీక్ష అవసరమనిపించలేదు.

మా ప్రింటర్‌కు తెలుగు అక్షరాలు రావు. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు మాట వచ్చేది. శేషం ఎంతో, ఏ తారో కూడా అచ్చువేద్దామన్నాను. యజమాని వద్దన్నాడు. “వాళ్ళకి అంత వివరం ఎందుకమ్మా? బాగుందా లేదా, అంతే కావాలి.” అందుకని కాగితం మీద రెండు నక్షత్రాలూ, కింద అనుకూలం అనో ప్రతికూలం అనో ఒక్క మాటా ఉండేవి. మెట్ల దగ్గర బోర్డు పెట్టాం. వేమూరు నుంచీ, నందివెలుగు నుంచీ కూడా వచ్చేవారు. చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడి, ప్రింటర్ గరగరలాడుతుంటే దేవుడి గదిలో ఉన్నట్టు ఉండేవారు.

టైపు గదిలో పాఠం చెప్పే ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. రేపల్లె నుంచి రోజూ పాసింజర్లో వచ్చేది. వాళ్ళ నాన్నగారు అక్కడ గుడిలో అర్చకుడిగా చేస్తూ కాలం చేశారు. అన్నయ్య ఏదో ఆఫీసులో గుమాస్తా. అక్కకు ముప్ఫై దగ్గర పడుతున్నాయి. తక్కువ మాట్లాడేది. మధ్యాహ్నం తను తెచ్చుకున్న గోంగూర పచ్చట్లో సగం నా డబ్బాలో వేసి, నేను తింటుంటే చూసేది. నేను రోజూ ఎక్కే బాపట్ల రైలు ఆలస్యమైతే నా క్లాసుకు వెళ్ళి పిల్లల్ని కూర్చోబెట్టేది. నాకు సొంత అక్క లేదు. ఉంటే ఇలాగే ఉండాలని అనుకునేదాన్ని.

ఆ ఏడాది శ్రావణంలో అక్కకు కర్లపాలెం నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బళ్ళో సైన్సు మాష్టారు. వాళ్ళ నాన్న కూడా రిటైరైన మాష్టారే. పెళ్ళిచూపులయ్యాయి. మర్నాడు అక్క టైపు గదిలో పిల్లలకు పాఠం చెప్తూ తనలో తను నవ్వుకోవడం నేను చూశాను. పుస్తకాలు బాగా చదువుతాడట, తనను ఏమేం చదువుతావని అడిగాడట. అంతవరకూ చూడటానికి వచ్చినవాళ్ళెవరూ ఆమెను ఆ ప్రశ్న అడగలేదు. అబ్బాయి వాళ్ళ పురోహితుడు పొంతనలు చూసి దివ్యంగా ఉందన్నాడు. తాంబూలాలు పుచ్చుకోవడమే తరువాయి.

“మా సెంటర్లో కూడా చూపిద్దాం, కాగితం ఇస్తారు” అన్నది అక్కే. నా మీద అభిమానం కొద్దీ అన్నది. ఆ అబ్బాయి తండ్రి, అక్క వాళ్ళ అన్నయ్య కలిసి వచ్చారు. నేనే కూర్చుని కొట్టాను. అమ్మాయిది రోహిణి, అబ్బాయిది పుబ్బ. అనుకూలం అనే వస్తుందని మూడు నాలుగు స్వీట్లు కూడా తెప్పించి పెట్టాను. కాగితం బయటికొచ్చింది. ప్రతికూలం.

పక్క గదిలో అప్పటిదాకా వినిపిస్తున్న ఒక మిషను ఆగింది. అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

పెద్దాయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. “పంతులుగారు బాగుందన్నాడే. ఇదేంటమ్మా? మిషను తప్పు చేసే అవకాశం ఏమన్నా ఉందా?” అన్నారు. ఎంత మర్యాదగా అడిగారో! ఆ ఒక్క ప్రశ్నలో అక్క పెళ్ళికి ఒక తలుపు తెరిచే ఉంది. లేని గొప్ప పోగొట్టుకోలేక నేను దాన్ని మూసేశాను.

“మిషను తప్పు చెయ్యదండి. మనుషులే చేస్తారు” అన్నాను.

ఆయన చెడ్డవారు కాదు. మెట్లు దిగేముందు అక్క వాళ్ళ అన్నయ్యతో, “ఒకరు బాగుందంటే ఒకరు లేదంటున్నారు. అనుమానం పెనుభూతం అన్నారు. రేపేదైనా తలనొప్పొచ్చినా ఇందువల్లేననుకుంటాం. వద్దులెండి బాబూ” అన్నారు. ఆ అన్నయ్య తలూపాడు. అక్క మళ్ళీ లోపలికి వెళ్ళి, ఆపిన చోటినుంచి పిల్లలకు చెప్పడం మొదలుపెట్టింది. దసరా తరువాత ఆమె ఉద్యోగం మానేసింది. రోజూ రైలు ప్రయాణం ఓపిక చాలడం లేదని యజమానికి చెప్పింది. నాకు వేరే కారణమేదీ చెప్పలేదు, నేనూ అడగలేదు. నక్షత్రాలు కుదరకపోతే ఎవరేం చేస్తారు అని నాకు నేను చెప్పుకున్నాను.

ఉగాది వెళ్ళిన వారానికి, బాపట్లలో మా ఎదురింటాయన వాళ్ళమ్మ పోయింది. సోమవారం పొద్దున పోయింది. మర్నాడు ఆయన మా వరండాలోకి వచ్చి, “పదోరోజు ఎప్పుడవుతుందండీ? చుట్టాలకి చెప్పాలి” అన్నాడు. నాన్న చెయ్యి ఎత్తేలోపే నేను గుమ్మంలోంచి, “గురువారం” అన్నాను. సోమవారానికి పది కలిపితే గురువారమే కదా.

నాన్న వేళ్ళ కణుపుల మీద సోమ, మంగళ అని నెమ్మదిగా వచ్చారు. “బుధవారం అండి” అన్నారు. ఆయన వెళ్ళాక నా వైపు తిరిగి, “పోయినరోజుని వదిలేశావేంటమ్మా? ఆ రోజు కూడా లెక్కే. మనం దేన్ని పట్టుకుని మొదలెడతామో అదే ఒకటి. తిథైనా, నక్షత్రమైనా అంతే” అన్నారు.

నక్షత్రమైనా అంతే. వరండా మెట్టు మీద కూర్చుని వేళ్ళు తెరిచాను. రోహిణి ఒకటి, మృగశిర రెండు, ఆర్ద్ర మూడు, పునర్వసు నాలుగు, పుష్యమి ఐదు, ఆశ్లేష ఆరు, మఖ ఏడు, పుబ్బ ఎనిమిది. ఎనిమిది మంచిది. నా ప్రోగ్రాం ఒకదాన్నుంచి ఒకటి తీసేసి ఏడు అని చెప్పింది. అది చెప్పింది రోహిణి నుంచి పుబ్బకు ఎంత దూరమో. పెళ్ళివారు అడిగింది రోహిణితో కలిపి ఎన్నో. క్లాసులో అంత ఇష్టంగా చెప్పిన తేడా నేను రాసిన దాంట్లో నాకే కనపడలేదు. అక్క నక్షత్రాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు.

మర్నాడు సెంటర్లో ఒకటి కలిపాను. పని అంతే, అరనిమిషం పట్టలేదు. ఎవరికీ చెప్పలేదు. రెండు వారాలు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. చెప్తే ఉద్యోగం పోతుందని భయం, చెప్పకపోతే అన్నం సహించదు. చివరికి ఒక ఆదివారం బాపట్లలో బస్సెక్కి కర్లపాలెం వెళ్ళాను. ఆ పెద్దాయనకు నిజం చెప్తే సంబంధం మళ్ళీ కుదురుతుందేమో, అక్క దగ్గరికి మంచి మాటతోనే వెళ్ళొచ్చు అని నా ఆశ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. నన్ను గుర్తుపట్టారు. నేను గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పాను. తప్పు మిషనుది కాదు నాదేనని, పొంతన బాగుందని, ఒక అంకె తక్కువ లెక్కపెట్టానని. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

“మెల్లగా మాట్లాడమ్మా. మావాడికి మాఘంలో పెళ్ళయింది. కోడలు లోపలుంది” అన్నారు.

ఆ అమ్మాయే మజ్జిగ తెచ్చి ఇచ్చింది. పసుపుతాడు ఇంకా కొత్తగా ఉంది. ఎండన పడి వచ్చారు, తాగండి అన్నది. తాగాను. నాకు ఏడుపొచ్చింది, అక్కడ ఏడిచే హక్కు లేదని ఆపుకున్నాను.

ఆ తరువాతి ఆదివారం తెనాలిలో రేపల్లె రైలెక్కాను. వేమూరు దాటిన దగ్గర్నుంచీ ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. అక్క ఇంటి ముందుగదిలో రెండు పాత టైపు మిషన్లు పెట్టుకుని పిల్లలకు నేర్పుతోంది. ఆదివారం కాబట్టి ఎవరూ లేరు. నన్ను చూసి లేచి, మంచినీళ్ళిచ్చి, “చిక్కిపోయావేంటి?” అన్నది. కూడబలుక్కున్నదేదీ రాలేదు. “అక్కా, మీ కాగితం తప్పు. నేను తప్పు చేశాను” అన్నాను. వదిలేసిన ఆ ఒకటి గురించి చెప్పాను. కర్లపాలెం వెళ్ళిన సంగతీ, అక్కడ చూసిన సంగతీ చెప్పాను.

అక్క ఆశ్చర్యపోలేదు.

“ఆ రోజు గుమ్మంలో నిలబడి నేనూ లెక్కపెట్టాను. రెండుసార్లు. రెండుసార్లూ ఎనిమిదే వచ్చింది” అన్నది.

“మరి అప్పుడే ఎందుకు అనలేదక్కా?”

“మిషను తప్పు చెయ్యదన్నావుగా నువ్వు. నాకే ఎక్కడో ఒకటి ఎక్కువొచ్చిందేమో అనుకున్నా. ఎనిమిది రావాలని నాకు ఆశ ఉంది కదా, ఆశతో లెక్కపెట్టినవాళ్ళకి తప్పొస్తుందిలే అనుకున్నా.”

ఆమె తిట్టి ఉంటే నేను బతికిపోయేదాన్ని. కాళ్ళు పట్టుకోబోయాను. “అవేం పనులు? లే” అని చెయ్యి పట్టి లేపింది. అప్పుడు అడిగింది.

“ఎన్ని నెలలు నడిచింది ఆ ప్రోగ్రాం?”

“ఎనిమిది.”

“వచ్చినవాళ్ళ ఊళ్ళూ పేర్లూ రాసిపెట్టారా?”

“లేదక్కా. నక్షత్రాలే కొట్టేవాళ్ళం.”

“అయితే నన్నొక్కదాన్నే క్షమించమని అడిగి ఏం లాభం? నేను తెలుసు కాబట్టి వెతుక్కుంటూ వచ్చావు. తెలియనివాళ్ళ సంగతేంటి?”

నిజం చెప్పాలంటే, ఆ మూడు వారాల్లో ఒక్కసారి కూడా నాకు ఆ ఆలోచన రాలేదు. నా దుఃఖమంతా అక్క చుట్టూనే తిరిగింది. ఆమె ఒక మిషనులో కాగితం ఎక్కించింది. ఫలానా నెలల్లో ఇక్కడ పొంతన కాగితం తీసుకున్నవారు లెక్కలో పొరపాటు ఉన్నందున దయచేసి మళ్ళీ చూపించుకోవాలి అని తెలుగు మిషను మీద కొట్టి, “మీ గుమ్మానికి అతికించు. మీ సారు ఏమన్నా అంటే నేను కొట్టిచ్చానని చెప్పు” అన్నది.

యజమాని చాలానే అన్నాడు. ఊళ్ళో పరువు పోతుందన్నాడు. నేను మానేస్తానన్నాక, పరీక్షలు దగ్గర్లో ఉన్నాయని, ఒక వారం ఉంచడానికి ఒప్పుకున్నాడు. ఆ వారంలో ముగ్గురు వచ్చారు. మొదటి ఇద్దరికీ లెక్క సరిచేసినా ఫలితం మారలేదు. కాగితాలు మడుచుకుని నిట్టూర్చి వెళ్ళారు.

మూడోది నందివెలుగు అమ్మాయి. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. ఐదో నెలట, మేడ మెట్లెక్కి ఆయాసపడుతోంది. వెనక భర్త గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు మడతలు పెట్టి దాచుకున్న కాగితం నా చేతికిచ్చి, “మీ కాగితం చూసే మావాళ్ళు పెళ్ళి చేశారండి. మీ గుమ్మం మీద కాగితం ఎవరో చదివి చెప్పారు. నిన్నటినించీ అత్తయ్య అన్నం తినట్లేదండి” అన్నది.

కాగితం విప్పాను. అనుకూలం అని ఉంది. అమ్మాయిది హస్త, అబ్బాయిది స్వాతి. దీనికి మిషను అక్కర్లేదు, వేళ్ళు కూడా అక్కర్లేదు. హస్త, చిత్త, స్వాతి. మూడు. నేను రెండని చెప్పి చేయించిన పెళ్ళి ఇది.

పొంతన కుదరకపోయినా జరిగేదేమీ లేదని చెప్పే ధైర్యం నాకు లేదు. మా నాన్న చెప్పే లెక్క అబద్ధమని అనే చదువూ నాకు లేదు. అక్క ఇక్కడుంటే ఏం చెప్పేదో అని టైపు గది గుమ్మం వైపు ఒక్క క్షణం చూశాను. ఆ అమ్మాయి చెయ్యి పొట్ట మీద ఉంది. ముసుగు తీసి ఉన్న కంప్యూటర్ నా ముందే ఉంది. దాని మీద చెయ్యి వెయ్యలేదు.

“మీది సరిగ్గానే ఉందమ్మా. చాలా బాగుంది. అత్తయ్యగారిని అన్నం తినమను” అన్నాను.

ఆ అమ్మాయి మిషను వైపు ఒకసారి కూడా చూడలేదు. నా మొహంలోకి చూసి, నమ్మి, భర్త చెయ్యి పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయింది.